పోస్టుల సంగతి ఊరికి కూడా చెప్పండి
ఉపాధ్యాయ సంఘాల బాధ్యులకు మంథని నుంచి బహిరంగ లేఖ

పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ఉపాధ్యాయ సంఘాల బాధ్యులకు,

ఎస్టీయూ, పీఆర్టీయూ, యూటీఎఫ్, టీపీటీఎఫ్, డీటీఎఫ్... జెండాలు వేరైనా ఈ ఉత్తరం అందరికీ. నేను మంథని డివిజన్‌లో సర్కారు బళ్లల్లో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుణ్ని. సర్వీసు ఉన్నన్నాళ్లూ సంఘం సభ్యత్వం కట్టాను, ధర్నాలకు వచ్చాను. ‘సంఘాలు జీతాల కోసమే’ అని బయట ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మీరు లేకపోతే మా సర్వీసు సంగతులు మాకే సగం తెలిసేవి కావు. అందుకే ఈ మాట విద్యాశాఖను కాకుండా మిమ్మల్ని అడుగుతున్నాను. బడుల్లో పోస్టుల గురించి మీరు సభ్యులకు ఏం చెబుతారో, అది ఆ బడి ఉన్న ఊరికి కూడా చెప్పండి.

మీరు చేసే పని ఎంత పెద్దదో ముందు చెప్పాలి. జీవో సాయంత్రం వెలువడితే, అది ఎంఈవో ఆఫీసుకు చేరకముందే మీ వాట్సాప్ గ్రూపుల్లో తెలుగు వివరణతో సహా తిరుగుతుంది. సీనియారిటీ లిస్టులో ఎవరి పుట్టినతేదీ తప్పు పడింది, అభ్యంతరాలకు ఆఖరు రోజు ఏది, ఏ కేటగిరీ బడికి ఏడాదికి ఎన్ని పాయింట్లు, ఏది క్లియర్ వేకెన్సీ, ఏది రిజల్టెంట్ వేకెన్సీ, వెబ్ ఆప్షన్లు ఏ వరుసలో పెట్టుకోవాలి... ఇవన్నీ మీరే చెబుతారు. సెల్‌ఫోన్లు లేని కాలంలో కరీంనగర్‌లో కౌన్సెలింగ్ జరిగితే, మండల బాధ్యులు డీఈవో ఆఫీసు గోడ మీది ఖాళీల లిస్టును నిలబడి చేత్తో రాసుకొచ్చేవారు. రాత్రి బస్సు దిగి, టీకొట్టు దగ్గర మాకు చదివి వినిపించేవారు. సర్కారు తన ఉద్యోగికి తానే చెప్పాల్సిన సంగతిని సంఘం చెప్పేది. ఆ అలవాటు మీకు ఇంకా పోలేదు. అది గొప్ప సంగతి.

ఆ పని విలువ అందరికీ తెలిసొచ్చింది 2021 డిసెంబర్‌లో. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు, జోన్లకు పంచడానికి డిసెంబర్ 6న జీవో 317 వచ్చింది. స్థానికతను పక్కనపెట్టి సీనియారిటీనే లెక్కలోకి తీసుకున్నారు. సీనియర్లు కోరుకున్న జిల్లాకు పోయారు, జూనియర్లకు మిగిలిన జిల్లా దక్కింది. మంథని నియోజకవర్గం సంగతి చూడండి. మంథని, కమాన్‌పూర్, ముత్తారం, రామగిరి పెద్దపల్లి జిల్లాలో ఉన్నాయి. అదే నియోజకవర్గంలోని కాటారం, మహదేవపూర్, మల్హర్, మహాముత్తారం, పలిమెల మండలాలు భూపాలపల్లి జిల్లాలోకి పోయాయి. 2016 అక్టోబర్ దాకా ఇదంతా ఒకే కరీంనగర్ జిల్లా. మానేరు మీద అడవిసోమన్‌పల్లి వంతెన దాటి రోజూ బడికి పోయొచ్చిన మనిషికి, ఆ వంతెన అవతల వేరే జిల్లా, వేరే కేడర్, వేరే సీనియారిటీ అయ్యాయి. కొద్ది రోజుల్లో ఆప్షన్ ఇవ్వాలి. ఏ జిల్లాలో ఎన్ని పోస్టులో, తనకంటే ముందు ఎందరున్నారో సరిగ్గా తెలియకుండానే ఒక మనిషి తన మిగతా సర్వీసంతా ఎక్కడ గడపాలో రాసివ్వాలి. భార్యాభర్తల బదిలీలకు 13 జిల్లాలను బ్లాక్ చేస్తే ఆలుమగలు చెరొక జిల్లాలో ఉండిపోయారు. ఆ చలికాలమంతా మీరు పడ్డ కష్టం నేను కళ్లారా చూశాను. లిస్టులు తెచ్చారు, తప్పులు పట్టారు, రోడ్డెక్కారు, కోర్టుకు పోయారు. 2024లో ఈ జీవో మీద వేసిన మంత్రివర్గ ఉపసంఘంలో మన ఎమ్మెల్యే, మంత్రి శ్రీధర్ బాబు కూడా సభ్యులయ్యారు. ఆ ఏడాది చివరికి భార్యాభర్తలకు, అనారోగ్యంతో ఉన్నవారికి, పరస్పర బదిలీలకు కొంత దారి దొరికింది.

ఇంత జరిగినా ఊళ్లకు ఏం తెలిసింది? ‘సార్ బదిలీ అయి పోయిండు’ అని మాత్రమే. ఎందుకు పోయాడో, ఆయన జాగాలో ఎవరొస్తారో, అసలు వస్తారో రారో చెప్పినవాళ్లు లేరు.

మా దగ్గరి ఊళ్లో ఒక ప్రాథమిక బడి ఉంది. పేరు చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి గనుక. రెండు ఎస్జీటీ పోస్టులు, అయిదు తరగతులు. ఒక టీచరమ్మను ‘వర్క్ అడ్జస్ట్‌మెంట్’ పేరుతో రోడ్డు మీది బడికి పంపారు. హాజరు పట్టీలో ఆమె పేరు ప్రతి నెలా రాస్తారు, ఆ వరుస పొడుగునా ఏటవాలుగా గీత గీసి ‘డిప్యుటేషన్‌పై’ అని రాస్తారు. కాగితం మీద ఆ బడికి ఇద్దరు. పిల్లలకు ఒక్కరే. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒక గదిలో, ఒకటి, రెండు వరండాలో. సార్‌కు కాంప్లెక్స్ మీటింగ్ పడితే పిల్లల్ని వంట చేసే ఆమె చూసుకుంటుంది. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ కూర్చున్నప్పుడు అధ్యక్షురాలు, అంటే ఊరి మహిళా సంఘం నాయకురాలు, ‘సార్, మన బడికి ఎన్ని పోస్టులున్నయ్?’ అని అడిగింది. ఆయన వెంటనే జవాబివ్వలేకపోయాడు. చెబితే సాటి ఉపాధ్యాయురాలి మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని భయం. ‘పైనుంచి వచ్చిందమ్మా’ అన్నాడు. ఆ కమిటీ కిటికీలకు, కరెంటుకు, మరుగుదొడ్లకు వచ్చిన పైసల లెక్క రూపాయితో సహా చెప్పగలదు. తమ బడికి సర్కారు ఎందరు టీచర్లను మంజూరు చేసిందో మాత్రం వాళ్లకు తెలియదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని అందులోని షెడ్యూల్ చెబుతుంది. ఒక బడికి వేసిన టీచర్ని వేరే బడిలోగానీ ఆఫీసులోగానీ పనిచేయించకూడదని 25వ సెక్షన్ రెండో సబ్‌సెక్షన్‌లో రాసి ఉంది. ఒక బడిలో ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతం దాటకూడదని 26వ సెక్షన్ అంటుంది. రెండు పోస్టుల బడిలో ఒకటి ఖాళీ అయితే అది యాభై శాతం. మీ క్లాసుల్లో ఈ సెక్షన్లను మాకు ఎన్నోసార్లు వివరించారు. ఆ కమిటీ తల్లులకు ఒక్కసారి వివరించండి చాలు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ డిప్యుటేషన్లలో కొన్ని మన నాయకులు ఆఫీసుల చుట్టూ తిరిగి ఇప్పించినవే. అడిగినవాళ్లందరికీ స్వార్థం ఉందని నేను అనను. గోదావరిఖని నుంచో పెద్దపల్లి నుంచో పసిబిడ్డను వదిలి రెండు బస్సులు మారి వచ్చే టీచరమ్మకు దగ్గరి బడి కావాలనిపించడం తప్పు కాదు. సభ్యురాలి కష్టం చూసి సంఘం మాట్లాడటమూ తప్పు కాదు. అయితే ఆమెకు దొరికిన వెసులుబాటు ఖర్చు మాత్రం ఆ మారుమూల బడి పిల్లలే భరిస్తున్నారు, అదీ వాళ్లకు చెప్పకుండా. అందుకే మాట సాయం చేసిన ప్రతి సర్దుబాటు గురించి ఆ ఊళ్లో సంఘమే ముందు చెప్పాలి. ఎన్నాళ్లకు, ఎందుకు, ఆ జాగాలో ఎవరు వస్తారు అని. అలా చెప్పలేని డిప్యుటేషన్ అడగకపోవడమే మంచిది.

రేషనలైజేషన్ సంగతి ఇంకా లోతైంది. 2021 ఆగస్టులో జీవో 25 వచ్చినప్పటి నుంచి పిల్లల సంఖ్యను బట్టి పోస్టుల లెక్క అన్నది ప్రతి స్టాఫ్‌రూంలో మాటే. ఎన్‌రోల్‌మెంట్ తగ్గితే పోస్టు సర్‌ప్లస్, సర్‌ప్లస్ అయితే టీచర్ వేరే బడికి. ఇది టీచర్‌కు తెలుసు. పిల్లను అయిదో తరగతికి గురుకులంలో చేర్చే తండ్రికి తెలియదు. ఇక్కడ గురుకులాల మీద నాకు ఏ పేచీ లేదు. 1957 నుంచి 1977 దాకా ఈ మంథనికే ఎమ్మెల్యేగా ఉన్న పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో తొలి గురుకులం మొదలైంది. పేదింటి పిల్లలు ఎందరో ఆ దారిన పైకొచ్చారు. కానీ గురుకులానికి ఇద్దరు, ప్రైవేటు బస్సు ఎక్కి నలుగురు పోయేసరికి ఊరి బడి లెక్క తప్పుతుంది. లెక్క తప్పిన సంగతి ఊరికి తెలిసేసరికి పోస్టు ఎత్తేసి ఉంటుంది. జూన్‌లో పిల్లల్ని చేర్పించే బడిబాట జరుగుతున్నప్పుడే ‘ఇంకా నలుగురు పిల్లలు చేరితే మన రెండో టీచర్ నిలుస్తారు’ అని ఊళ్లో చెప్పినవాళ్లు ఉంటే, ఇల్లిల్లూ తిరగడానికి మహిళా సంఘాలు కూడా కదిలేవి. ఆ లెక్క అప్పటికే మీ దగ్గర ఉంటుంది.

డీఎస్సీల, అంటే టీచర్ నియామకాల, సంగతీ అంతే. 2017లో 8,792 పోస్టులకు టీఆర్టీ నోటిఫికేషన్ వచ్చింది. తర్వాతి పెద్ద నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరి 29న, 11,062 పోస్టులకు. కొత్త టీచర్లకు నియామక పత్రాలు ఇచ్చింది అక్టోబర్ 9న. అంటే బడులు తెరిచిన నాలుగు నెలలకు. ఆ ఆరేడేళ్ల నడుమ కరోనా వచ్చింది, 2020 తర్వాత విద్యా వాలంటీర్లను మళ్లీ తీసుకోలేదు. మరి ఆ నడుమ ఒకటో తరగతిలో చేరి అయిదు పూర్తి చేసిన పిల్లల సంగతి? వాళ్ల తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఖాళీ పోస్టు గురించి కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టారేమో అడిగి చూడండి. పెట్టలేదంటే వాళ్లకు పట్టింపు లేక కాదు, ఖాళీ ఉందని తెలియక. ప్రజావాణికి పింఛను కోసం, పట్టా కోసం వచ్చేవాళ్లు టీచర్ కోసం కూడా వస్తారు, కాగితం చేతిలో ఉంటే.

ఇప్పుడు మీ గ్రూపుల్లో మాటంతా టీచర్ల అర్హత పరీక్ష టెట్ గురించే. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిటైర్మెంట్‌కు ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు విద్యాహక్కు చట్టానికి ముందు చేరినవాళ్లయినా రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. అయిదేళ్లలోపే మిగిలి ఉన్నవాళ్లు కొనసాగవచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి రాత్రిపూట గైడ్లు ముందేసుకుని కూర్చోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. చట్టం మార్చాలని మీరు కోరడం న్యాయమే. దీన్ని కూడా సభ్యుల ఉద్యోగ భద్రత సమస్యగానే ఉంచేయకండి. గడువు దాటాక కొందరు పోవలసి వస్తే ఏ మండలంలో ఎన్ని తరగతులకు టీచర్లు ఉండరో ఇప్పుడే లెక్కగట్టి ఊళ్లలో పెట్టండి. అప్పుడు ఆ పోస్టుల కోసం ఊళ్లు కూడా మాట్లాడతాయి.

మీలో కొందరి సందేహం నాకు తెలుసు. ఊరికి అన్నీ చెబితే ఊరు టీచర్ మీదే విరుచుకుపడుతుందని, బడికి తాళం వేస్తారని, పేపర్లో ఫొటో పడుతుందని. అలా జరిగిన చోట్లున్నాయి, కాదనను. అయితే తాళం వేసినవాళ్లు ఎక్కువగా ఏమీ తెలియనివాళ్లే. వాళ్ల కళ్ల ముందు కనిపించేది ఒక్క టీచరే గనుక కోపం ఆయన మీద పడుతుంది. ఖాళీ ఎవరు నింపాలో, ఎప్పటినుంచి నింపలేదో తెలిస్తే ఆ కోపం పోవలసిన చోటికి పోతుంది. దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 2019 జనవరిలో 30 వేల మందికి పైగా టీచర్లు ఆరు పనిదినాలు సమ్మె చేశారు. అక్కడి సంఘం తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించమని, ప్రతి బడికి పూర్తికాలం నర్సును ఇమ్మని ముందునుంచీ తల్లిదండ్రుల దగ్గరికి పోయి చెప్పింది. అందుకే వానలో సమ్మె జరుగుతుంటే తల్లిదండ్రులు వచ్చి పక్కన నిలబడ్డారు. బడులకు నర్సులూ దక్కారు, తరగతుల్లో పిల్లల సంఖ్య తగ్గించడానికి ఒప్పందమూ కుదిరింది.

నేను అడిగేది ఖర్చుతో కూడింది కాదు. ప్రతి బడి గోడ మీద, మధ్యాహ్న భోజనం మెనూ రాసి ఉంటుంది కదా, దాని పక్కనే నాలుగు సంగతులు రాయించండి. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీ ఎప్పటినుంచి, సర్దుబాటు మీద ఎవరు ఎక్కడ. పేర్లు అక్కర్లేదు, పోస్టులు చాలు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఇలాంటి వివరాలు అడగకముందే బయట పెట్టాలంటోంది, కాబట్టి హెచ్ఎం భయపడాల్సింది లేదు. ఆయనకు అండగా మీ మండల శాఖ ఉంటే ఇంకా మంచిది. బదిలీల షెడ్యూల్, రేషనలైజేషన్ లిస్టు వచ్చినప్పుడు మీరు గ్రూపులో పెట్టే అదే వివరణను, కోడ్ నంబర్లు తీసేసి తేలిక మాటల్లో అమ్మ ఆదర్శ కమిటీ అధ్యక్షురాలికీ సర్పంచ్‌కూ పంపండి. సంఘాల మధ్య పోటీ ఎంత ఉన్నా, ఈ ఒక్క కాగితం అందరూ కలిసి ఇవ్వండి. ఒకరు ఇచ్చిన లిస్టును ఇంకొకరు తప్పని ఖండిస్తే ఊరు రెంటినీ నమ్మదు.

మొదట మంథని మండలంలో, మానేరు అవతల కాటారంలో ఒక్కో కాంప్లెక్స్‌లో మొదలుపెట్టండి. గోడ మీద రాయడానికి నమూనా నేను తయారుచేసి ఉంచాను. వచ్చే మండల శాఖల సమావేశాల్లో ఈ విషయం ఎజెండాలో పెడతారో లేదో తెలియజేయండి. పెడితే కాగితాలు తీసుకుని నేనే వస్తాను. కమిటీల తల్లుల్ని కూడా పిలవండి, వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు మీ దగ్గరే ఉన్నాయి.

మీ సంఘాల పాత సభ్యుడు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
మంథని