బడి ఫీజు ఏ పద్దులో రాయాలి?

తోతాపురి మామిడి ధర కోసం, పాల డబ్బుల కోసం మనం ఎన్నోసార్లు ఆఫీసుల ముందు కూర్చున్నాం. ఊరి బడి కోసం ఒక్కసారైనా కూర్చున్నామా? అది అయ్యవార్ల సంఘాలు చూసుకుంటాయిలే అనుకున్నాం. ఆ పొరపాటుకు ఇప్పుడు మనమే డబ్బు కడుతున్నాం.

2022 జూన్‌లో వచ్చిన 117 జీవో 3, 4, 5 తరగతులను దగ్గరలోని హైస్కూళ్లకు తరలించింది. ఊళ్లో ఒకటి, రెండు తరగతులు మిగిలాయి. చాలాచోట్ల ఒక్క అయ్యవారే దిక్కు. ఎనిమిదేళ్ల బిడ్డను రోడ్డు దాటించి పంపడానికి భయపడి, ఇంటి ముందుకొచ్చే ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కించిన వాళ్లు మనలో ఎందరో ఉన్నారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు, సంతోషం. కానీ వ్యాను ఎక్కిన బిడ్డ అంత తేలిగ్గా వెనక్కి రాదు.

తల్లికి వందనం కింద ఖాతాలో పడే 13 వేలు ఆ ఫీజుకూ వ్యానుకూ ఎంతమందికి సరిపోతున్నాయి? తక్కువ పడింది బంగారం కుదవపెట్టి తెచ్చిన పంట రుణంలోంచి పోతోంది. బ్యాంకు లెక్కలో అది సేద్యం అప్పు. పంట పోయిన ఏడాది ఆ అప్పు మీద వడ్డీ కట్టేది కూడా సేద్యమే.

బడి మన సమస్య కావడానికి ఇంకో కారణం ఉంది. హరిత విప్లవం నాటి మన దేశపు రైతు కుటుంబాల లెక్కలను ఫోస్టర్, రోజెన్‌జ్వీగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 1996లో ప్రచురించారు. కొత్త విత్తనాలు బాగా పండిన ప్రాంతాల్లో ప్రాథమిక విద్య ఉన్న రైతుకు లాభం పెరిగిందని తేల్చారు. ఇప్పుడు మందు డబ్బా మీది మోతాదు, ఈ-క్రాప్‌లో రాసిన పంట, బ్యాంకు కాగితంలోని వడ్డీ, అన్నీ చదివితేనే తెలుస్తాయి. చదవలేనివాడు ఇంకొకరి మాట నమ్మి వేలిముద్ర వేస్తాడు.

దక్షిణ కొరియా 1950లో భూసంస్కరణ చేపట్టింది. ఆ పదేళ్లలో దాదాపు పిల్లలందరినీ ప్రాథమిక బడిలో చేర్చింది. పెద్ద ఫ్యాక్టరీలు ఆ తర్వాత వచ్చాయి. శ్రీసిటీని చూపించి అభివృద్ధి అనే మన పాలకులు ఆ వరసను మరిచిపోతారు. రిజిస్టరులో పేరుంటే చాలదు, ఐదో తరగతి దాటేలోపు బిడ్డకు చదవడం, లెక్క కట్టడం రావాలి. చెనిక్కాయలు పెరికే రోజుల్లో బిడ్డను బడి మాన్పించేది మనమేనని కూడా ఒప్పుకోవాలి.

పిల్లలు తక్కువున్నా సరే, తరగతికొక అయ్యవారు కావాలి. మన డిమాండు ఇదే. ఈ నెల గ్రామ కమిటీల్లో ఎరువుల సంగతి అయ్యాక, ఊరి బడిలో పిల్లలెందరు, అయ్యవార్లెందరు, పనికొచ్చే గదులెన్ని అన్నది రాసి మండల కమిటీకి పంపండి. మన సభ్యుల పిల్లలు ఎందరు వ్యాను ఎక్కుతున్నారో, దానికి ఏ అప్పు తెచ్చారో కూడా దాచకుండా రాయండి.