ఆ ఎర్ర చుక్కల కింద కాపలా

పాకాల వెళ్లేవాళ్లలో చాలామంది బండిని కట్ట దాకా తోలేసి, నాలుగు సెల్ఫీలు దిగి, చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసి వచ్చేస్తారు. నర్సంపేటకి దగ్గరే కాబట్టి గంటన్నరలో ట్రిప్పు ఖతం. తప్పేం లేదు. కానీ వానలు పడ్డాక ఒక్కసారి బండి కాస్త దూరంగా ఆపి నడిచి చూడండి. అడవి లోపలికి కాదు, అది అభయారణ్యం. అందరినీ రానిచ్చే దారిలోనే, మెల్లగా.

మెల్లగా అంటే నిజంగా మెల్లగా. అప్పుడే నల్లమద్ది బెరడు కనిపిస్తుంది, అచ్చం మొసలి తోలులా పలకలు పలకలుగా. కింద రాలిన లేత టేకాకు దొరికితే వేళ్ల మధ్య నలపండి, గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా అవుతాయి. ఆరుద్ర కార్తెలో వెళ్తే మట్టి మీద మఖ్మల్ గుండీల్లాంటి ఆరుద్ర పురుగులు. స్టెప్స్ లెక్కపెట్టే యాప్ ఉంటే ఆ రోజుకి దాన్ని పట్టించుకోకండి. ఈ నడకలో ఆగడమే ఎక్కువ.

చెట్లు పలచబడ్డాక ఒక్కసారిగా నీళ్లు. గుట్టల మధ్య కట్ట వేసి వాగు నీళ్లని ఆపేశారు, 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో. ఆ కట్ట కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి.

పోయిన వానాకాలం అక్కడ ఒడ్డున ఓ పెద్దాయన విసురు వల భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. వల వెయ్యడు, కదలడు. "ఏం చూస్తున్నవ్ కాకా?" అంటే, గడ్డి పక్కన నీళ్లు చూపించాడు. పైన ఎర్రగా చిన్న చిన్న చుక్కలు, వాన చినుకులు పడ్డట్టు నీళ్లు చిటపటలాడుతున్నాయి.

"కొర్రమీను పిల్లలు తమ్మీ. కిందనే పెద్దది ఉంటది. గిప్పుడు దాని జోలికి పోవద్దు."

మన తెలంగాణ రాష్ట్ర చేప కదా ఈ కొర్రమీను. మృగశిర నాడు మార్కెట్లో దీని రేటు అడగాలంటేనే భయం. ఇది నీళ్లలోనే బతికినా పైకొచ్చి గాలి పీలుస్తుంది. పిల్లలు కూడా అంతే, అందుకే గుంపుగా పైకీ కిందకీ తిరుగుతుంటాయి. గుడ్లు పెట్టేసి తన దారిన తాను పోయే రకం కాదు. కొన్ని వారాల పాటు పెద్ద చేప ఆ గుంపు కిందే కాపలా ఉంటుంది. కప్ప వచ్చినా, ఇంకో చేప వచ్చినా మీద పడి తరిమేస్తుంది.

సరిగ్గా ఇక్కడే దాన్ని పట్టేస్తారు. ఎర్ర గుంపు కనిపిస్తే చాలు, దాని మీదుగా కప్పనో రబ్బరు కప్పనో లాగుతారు. ఠపీమని కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లల కోసం. వీడియోలో చూస్తే భలే థ్రిల్లింగ్‌గా ఉంటుంది, లైకులూ వస్తాయి. చేప సంచిలో పడ్డాక ఆ పిల్లల సంగతి మాత్రం వీడియోలో ఉండదు. కాపలా పోయిన గుంపుని మిగతా చేపలు మింగేస్తాయి. ఒక్క చేప కూర కోసం వందల చేపలు పోయినట్టు. నాకైతే ఇది వేటలా అనిపించదు, ఉయ్యాల దగ్గర మాటు వేసినట్టుంటుంది.

ఇంకో మాట. గాలం కట్ట కొత్తగా కొన్నవాళ్లకి చేతులు దురద పెడతాయని తెలుసు. కానీ మన చెరువుల్లో చేపల హక్కు మామూలుగా ఊరి మత్స్యకారుల సంఘానిది. అభయారణ్యం అయితే అటవీశాఖ అనుమతి కూడా కావాలి. ముందు అడగండి. గాలం లేకుండా కూర్చున్నా బోర్ కొట్టదు, ఆ ఎర్ర గుంపు ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో చూస్తుంటే టైమ్ తెలీదు.

కాక ఆ గడ్డి దగ్గర నుంచి చాలా దూరం నడిచి వెళ్లి వల విసిరాడు. రెండు గుప్పెళ్ల పరకలు పడ్డాయి. "ఇయ్యాల పులుసుకు సరిపోతయ్," అని వల దులుపుకున్నాడు.