పూగా లోయ: డ్రిల్లింగ్‌కు ముందు చూడాల్సింది

లద్దాఖ్‌లోని పూగా లోయ దాదాపు 4,400 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలంలో చుట్టూ అంతా గడ్డకట్టినా అక్కడి ఊటలు ఆవిరి కక్కుతూనే ఉంటాయి. ఆ వేడితో కరెంటు తీయాలన్నది యాభై ఏళ్ల నాటి ఆలోచన. ఇప్పటికీ అది ప్రయోగ దశ దాటలేదు.

1970ల్లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ) వేసిన బోర్లు 400 మీటర్ల లోపే ఆగాయి. అంతకన్నా లోతున ఏముందో 2000 దశకంలో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు మాగ్నెటోటెల్లూరిక్ సర్వేతో పరిశీలించారు. పిడుగులు, సౌర పవనాల వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో సహజంగా హెచ్చుతగ్గులు వస్తుంటాయి. వాటితో నేలలో పుట్టే స్వల్ప విద్యుత్తును ఈ పద్ధతిలో కొలుస్తారు. పొడి గ్రానైట్ విద్యుత్తును దాదాపు పోనివ్వదు. లవణాలు కలిసిన వేడినీరు సులువుగా పోనిస్తుంది. పూగాలో సుమారు 2 కిలోమీటర్ల లోతున అలాంటి భాగం కనిపించింది. అక్కడ దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండొచ్చని అంచనా వేశారు.

అయితే బంకమట్టి పొరలూ విద్యుత్తును బాగానే పోనిస్తాయి. పైగా నీరున్నా, రాతిలో పగుళ్లు లేకపోతే అది బావిలోకి రాదు. అంటే సర్వే చూపేది ఎక్కడ తవ్వాలన్నదే. తవ్వితే ఏం వస్తుందో చెప్పేది బావే.

2021 ఫిబ్రవరిలో లద్దాఖ్ యంత్రాంగం, లేహ్ కొండ మండలితో ఓఎన్‌జీసీ ఎనర్జీ సెంటర్ ఒప్పందం చేసుకుంది. 1 మెగావాట్ ప్రయోగాత్మక ప్లాంటు దాని తొలి లక్ష్యం. 2022 ఆగస్టులో డ్రిల్లింగ్ సమయంలో వేడి ద్రవం బయటకు తన్నుకొచ్చి పూగా వాగులో కలిసింది. పని ఆపాల్సి వచ్చింది. ఛాంగ్‌పా పశుపోషకుల మేత భూములు, నల్ల మెడ కొంగలు తిరిగే చిత్తడి నేలలు ఉన్న ప్రాంతమది.

దేశంలో 10,600 మెగావాట్ల భూతాప విద్యుత్‌కు అవకాశం ఉందని జీఎస్‌ఐ అంచనా. 2025 సెప్టెంబరులో కేంద్రం జాతీయ భూతాప విధానాన్ని కూడా తెచ్చింది. కానీ లోతు బావికి అయ్యే ఖర్చుతో పోలిస్తే సర్వే ఖర్చు చాలా తక్కువ. లీజులు ఇచ్చే ముందే ప్రజాధనంతో వివరమైన సర్వేలు చేయించి, ఆ డేటాను అందరికీ అందుబాటులో ఉంచాలి. బావిలోంచి వచ్చే నీటిని ఎక్కడికి పంపుతారో తేల్చాకే తవ్వకానికి అనుమతివ్వాలి. లేకపోతే అంచనా తప్పిన ప్రతిసారీ మూల్యం చెల్లించేది ఆ వాగు నీటిపై బతికేవాళ్లే.