ఆజాద్ అంటే ఎవరి బిడ్డ?



మొన్న జన్వాడలో మా తమ్ముడింట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తకముందే బహస్ మొదలైంది. తమ్ముడి కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతానంది. "ఇంత ఆజాదీ మన ఖాందాన్‌లో లేదు" అన్నారు మా మామూ. పిల్ల నా వైపు చూసింది. "బడే అబ్బా, మీరైనా చెప్పండి" అంది. నేను నీళ్లు నమిలాను. అది నా గల్తీ. ఇప్పుడు చెబుతున్నా.

ప్రాచీన గ్రీకులు గులాం కాని మనిషిని ‘ఎలూథెరోస్’ అన్నారు. ఆ లఫ్జ్ మూలం ‘జనం’ అనే అర్థమున్న పాత ధాతువని భాషావేత్తలు చెబుతారు. అంటే మనవాడు, మనలో ఒకడు అని. మన ఫార్సీ ‘ఆజాద్’ కూడా అంతే. పాత ఇరానీ భాషల్లో దాని మానె ‘మంచి వంశంలో పుట్టినవాడు’. తెలుగులోని జన్మ, జాతి దానికి చుట్టాలే.

కాబట్టి మామూ సాబ్, ఆజాదీ ఖాందాన్‌కి దుష్మన్ కాదు. బిడ్డ మన ఇంట్లో పుట్టింది గనకే అది ఆమె హక్.

అయితే ఆ పాత మాటల్లో ఒక ఐబ్ ఉంది. బయట పుట్టినవాడి గతేమిటి? ఇస్లాం దానికి జవాబిచ్చింది. గులాంని విడిపించడాన్ని సూరె బలద్ కష్టమైన ఎత్తుదారిగా చెప్పింది. గులాంగా బతికిన హజ్రత్ బిలాల్ (రజి.) అజాన్ ఇచ్చారు.

మన తెలంగాణలో కామారెడ్డిగూడెం షేక్ బందగీని తలచుకోండి. ‘బందగీ’ అంటే గులామీ, ఇబాదత్ రెండూ. ఆ పేరున్న పేద రైతు తన భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి అదాలత్‌కెక్కాడు. చివరికి ఖతల్ అయ్యాడు. ‘మా భూమి’ నాటకానికి ఆయన కథే ప్రేరణ. అల్లాహ్‌కి బందా అయినవాడు దొరకి బందా కానక్కర్లేదని ఆ పేరు నాకు గుర్తుచేస్తుంది.

మనం మగపిల్లలు దుబాయి పోతే దువా చేసి పంపిస్తాం. ఆడబిడ్డ ముప్పై, నలభై కిలోమీటర్లు పోతానంటే ఖాందాన్ ఇజ్జత్ గుర్తొస్తుంది. హాస్టల్ ఎలాంటిదో చూడండి, ఫీజు అడగండి, వారానికోసారి వెళ్లి రండి. ఆ ఫికర్ జాయజే. కానీ వద్దనడానికి ‘ఆజాదీ’ అనే మాటని తిట్టులా వాడకండి.

రేపు తమ్ముడికి ఫోన్ చేస్తాను. హాస్టల్ చూడటానికి నేనూ వస్తానని చెబుతాను. మామూ సాబ్‌ని కూడా తీసుకెళ్తాం, ఇన్షా అల్లాహ్.