టమాటా చప్పబడితే హైబ్రిడ్‌దేనా నేరం?

కూర రుచిగా లేదంటే చాలు, హైబ్రిడ్ టమాటాను బోనెక్కిస్తారు. నాటుకాయే కాయ, మిగతాదంతా గడ్డి అని తీర్పు చెప్పేస్తారు. సాక్ష్యం ఏదని అడిగినవాళ్లు లేరు. మనమైనా అడుగుదాం.

హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాలను సంకరం చేయగా వచ్చిన మొదటి తరం. రుచిని చంపే గుణం అందులో ఎక్కడుంది? తీపికి పేరుమోసిన సన్‌గోల్డ్ చెర్రీ టమాటా హైబ్రిడే కదా! పొరుగున తమిళనాడులో నాటుకాయగా చెలామణి అవుతున్న పీకేఎం-1 సంగతేమిటి? పెరియకుళం పరిశోధన కేంద్రంలో, అన్నంజి అనే స్థానిక రకంలో ఉత్పరివర్తన కలిగించి తీసిన రకమది.

రుచి పోయింది సంకరంలో కాదు, ఏరివేతలో. పండు అంతా ఒక్కలా ఎర్రబడాలని, తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ లేని మొక్కలనే శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ఏరుతూ వచ్చారు. కాయలో చక్కెర పెరగడానికి తోడ్పడే జన్యువు ఆ పచ్చదనంతోపాటే దెబ్బతిన్నదని 2012లో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డ పరిశోధన తేల్చింది. హైబ్రిడ్లు మార్కెట్‌ను ఏలకముందే, హైబ్రిడ్ కాని సూటి రకాల్లోనే ఈ ఏరివేత మొదలైంది. మరి ముద్దాయి ఎవరు?

రకం సగం కథే. కోతకు ముందు తడి మీద తడి ఇస్తే ఏ విత్తనమైనా నీళ్లకాయే కాస్తుంది. పొటాష్ చాలకపోతే పండు సమంగా పండదు. ఎండ 30 డిగ్రీలు బాగా దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ తయారీ కుంటుపడి, కాయ పసుపుగానే మిగిలిపోతుంది. దాన్నీ రసాయన మందుల ఖాతాలోనే రాస్తున్నారు! సేంద్రియమని బోర్డు పెట్టినంత మాత్రాన ఈ లెక్కలు మారతాయా?

ఇక కోత. మదనపల్లె నుంచి దూరపు ఊళ్లకు లారీ ఎక్కాల్సిన కాయను దోరగానే కోస్తారు. చెట్టు మీద పండిన కాయ రుచి దానికెలా వస్తుంది? అలా వచ్చినదాన్ని మనం ఇంట్లో ఫ్రిజ్‌లోకి తోస్తాం. 12 డిగ్రీలకన్నా తక్కువ చలిలో రోజులతరబడి ఉంచితే వాసననిచ్చే పదార్థాలు తగ్గిపోతాయి. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని జన్యుస్థాయిలోనే చూపించారు. ఇంట్లో చేసిన తప్పుకు పొలంలోని విత్తనాన్ని తిట్టడం ఏం న్యాయం?

బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండుతెగులును, ఆకుమాడును తట్టుకుంటుంది. అలాంటి విత్తనం మానుకొమ్మని రైతుకు చెప్పేవారు, తెగులు సోకిన మడికి పెరిగే మందుల ఖర్చు తామే భరిస్తారా? మండీలో వేలం పాడేవారు కాయ గట్టిదనం, రంగు, సైజు చూస్తారు. కొరికి చూసి ధర కట్టేవారు ఉన్నారా? రుచికి ఒక్క రూపాయి అదనంగా ఇవ్వని బజారుకు రుచిగల కాయ పండించి తేవాలని రైతును ఏ ముఖంతో అడుగుతాం?