మెత్తని మనసుల రక్షణ ఎవరి బాధ్యత?

హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, వక్ఫ్ ఆస్తులు, ఖబరస్తాన్ల సరిహద్దుల గురించి ప్రస్తావిస్తాం. 2006లో సచార్ కమిటీ, 2016లో తెలంగాణ ప్రభుత్వానికి సుధీర్ కమిషన్ సమర్పించిన నివేదికలు మన చదువు, ఉపాధి, ఆదాయాల స్థితిగతులను లెక్కలతో సహా ముందుంచాయి. ఆ లెక్కలు ఎంతో అవసరం. వాటితో పాటు ఇంటి లోపల మనిషి మౌనంగా మోస్తున్న దిగులును కూడా సముదాయం తన లెక్కలోకి తీసుకోవాలని మేము భావిస్తున్నాం.

కొందరు పుట్టుకతోనే సున్నిత స్వభావులు. పెద్ద శబ్దం, కటువైన మాట, ఎదుటివారి ముఖంలో మారిన రంగు, ఇతరుల బాధ వారిని త్వరగా తాకుతాయి, చాలాసేపు వదలవు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ ఏరన్ 1996లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటివారిని ‘అతి సున్నిత వ్యక్తులు’ అని పేర్కొన్నారు. జనాభాలో 15 నుంచి 20 శాతం మంది ఈ స్వభావం కలవారని ఆమె అంచనా. ఇది వ్యాధి కాదు, స్వభావం. కటువైన వాతావరణంలో ఎక్కువగా నలిగిపోయే ఈ మనుషులే ఆదరణ దొరికిన చోట ఇతరుల కన్నా ఎక్కువగా వికసిస్తారని కూడా పరిశోధకులు చెబుతున్నారు. అంటే వారి భవితవ్యం చాలావరకు చుట్టూ ఉన్న మన చేతుల్లోనే ఉంది.

అల్మాస్‌గూడ, మీర్‌పేట, బాలాపూర్, కర్మన్‌ఘాట్ వంటి తూర్పు హైదరాబాద్ ప్రాంతాల సంగతే తీసుకుందాం. ఇక్కడి కాలనీల్లో ముస్లిం కుటుంబాలు ఇతర సముదాయాల కుటుంబాలతో గోడకు గోడ ఆనుకొని జీవిస్తున్నాయి. ఈ ఇరుగుపొరుగు మనకు పెద్ద అండ. అయితే ‘టు లెట్’ బోర్డు చూసి ఫోన్ చేస్తే, పేరు విన్న మరుక్షణమే ఇల్లు ఇచ్చేశామన్న సమాధానం రావడం నగరంలో ఇల్లు వెతికే మనవారికి కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న బాంబులు పేలినప్పుడు అందరితో పాటు మనమూ తల్లడిల్లాం. ఆ దుఃఖంతో పాటు అనుమానపు చూపులను కూడా భరించవలసి రావడం మనకు అదనపు బరువు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత పోలీసులు పలువురు ముస్లిం యువకులను నిర్బంధించారు. అనంతరం వారు నిర్దోషులుగా బయటపడ్డారు. వారి నష్టపరిహారం గురించి చర్చ జరిగింది. వారి తల్లుల, తోబుట్టువుల మనసులకు తగిలిన గాయం గురించి మాత్రం మన వేదికల మీద తగినంతగా మాట్లాడుకోలేదు.

ఇటువంటి ఒత్తిడి అందరి మీదా పడుతుంది. సున్నిత స్వభావుల మీద రెట్టింపుగా పడుతుంది. అప్పుడు మనం వారికిచ్చే సలహా ఏమిటి? “ఇంత మెత్తగా ఉంటే ఎలా బతుకుతావు?” అంటాం. అబ్బాయి అయితే “ఆడపిల్లలా ఏడుస్తావేం” అంటాం. మరీ కఠినంగా, “నీ ఈమాన్ బలహీనంగా ఉంది” అని తీర్పు చెబుతాం. ఈ చివరి మాట గాయపడిన మనిషిని దైవానికి కూడా దూరమయ్యానన్న భయంలోకి నెడుతుంది. ఈ మాటకు ధార్మిక ఆధారం లేదని మా దృఢ అభిప్రాయం.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుతో దుఃఖించి దుఃఖించి కంటిచూపు కోల్పోయిన వైనం దివ్యఖుర్ఆన్ యూసుఫ్ సూరాలో ఉంది. ఆయన ప్రవక్త. మహనీయ ముహమ్మద్ (స) తన పసిబిడ్డ ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు పెట్టుకున్నారు. నమాజును దీర్ఘంగా చేయాలని సంకల్పించి కూడా, పసివాడి ఏడుపు వినిపిస్తే తల్లి ఆందోళన పడుతుందని దాన్ని కుదించేవారు. ఆయన తీవ్ర అస్వస్థులుగా ఉన్నప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) నమాజు చేయించాలని ఆదేశించారు. తన తండ్రి మృదు హృదయుడని, ఖుర్ఆన్ పఠిస్తూ ఏడ్చేస్తారని హజ్రత్ ఆయిషా (రజి) సంశయించారు. అయినా ప్రవక్త (స) తన నిర్ణయం మార్చుకోలేదు. కన్నీరు ఆపుకోలేని ఆ మనిషే తర్వాత అత్యంత క్లిష్ట సమయంలో ఖలీఫాగా ముస్లిం సమాజాన్ని నిలబెట్టారు. మృదుత్వానికీ దృఢత్వానికీ వైరం లేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మన పూర్వ పండితులు కూడా మనసును నిర్లక్ష్యం చేయలేదు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) శరీరానికి, మనసుకు సంబంధించిన ఆరోగ్య సూత్రాలను ఒకే గ్రంథంలో వివరించారు. కోపం, భయం, విషాదం, వేధించే ఆలోచనలు అని మనోబాధలను నాలుగుగా విభజించారు. అత్యవసరానికి ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను పోగుచేసి, కలత వేళ వాటిని గుర్తు చేసుకోవాలన్నది ఆయన సలహా. వెయ్యేళ్ల నాటి ఈ సూచన నేటి సున్నిత స్వభావులకు సరిగ్గా సరిపోతుంది.

ఇక మన చేతిలోని ఫోన్ సంగతి. మూకదాడుల దృశ్యాలు, కూల్చివేతల దృశ్యాలు, విద్వేష ప్రసంగాలు రాత్రి పడుకునే వేళకు కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోకి చేరుతున్నాయి. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేరిట ముస్లిం మహిళల చిత్రాలను వేలానికి పెట్టినట్లు ప్రదర్శించిన నీచత్వాన్ని తలుచుకోండి. ఆ చిత్రాలను ఆగ్రహంతోనే అయినా పదిమందికి పంపినప్పుడు బాధితురాలి అవమానం పది రెట్లు కాలేదా?

దాడి వార్తను దాచిపెట్టాలని మేము అనడం లేదు. చూడకపోతే ఉద్యమం చల్లారుతుందని కొందరు కార్యకర్తలు వాదిస్తారు. ఈ వాదనలో కొంత నిజముంది. దృశ్యం సాక్ష్యం కాబట్టి దాన్ని భద్రపరచాలి, న్యాయవాదికి, విచారణ అధికారులకు అందించాలి. అయితే ఆ పనికి ఒకరిద్దరు చాలు. పన్నెండేళ్ల పిల్లవాడు, గర్భిణి, వృద్ధురాలు దాన్ని చూడవలసిన అవసరం లేదు. ప్రతి సంస్థలో ఈ పనిని వంతులవారీగా చేయాలి. నెలల తరబడి ఒకే వ్యక్తి బాధితుల గోడు విని, దృశ్యాలు చూసి, ఎఫ్‌ఐఆర్‌లు చదివితే అతడు కూలిపోతాడు లేదా రాయిగా మారతాడు. రెండూ ఉద్యమానికి నష్టమే. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలని హుజురాత్ సూరా ఆదేశిస్తోంది. ఆ ఒక్క ఆదేశాన్ని పాటించినా మన గ్రూపుల్లో సగం భయం తగ్గుతుంది.

సున్నిత స్వభావులైన సోదర సోదరీమణులకు కూడా ఒక మాట. ఫజ్ర్ నమాజు తర్వాత, ఇషా తర్వాత కొంతసేపు ఫోన్‌ను దూరంగా ఉంచండి. గొడవ జరుగుతున్న గది నుంచి కాసేపు బయటకు వెళ్లడం పిరికితనం కాదు. ప్రతి బాధితుడికీ మీరొక్కరే సాయం చేయలేరు. చేయగలిగిన ఒక పని చేసి, మిగిలింది అల్లాహ్‌కు అప్పగించండి. మీ బాధను చెప్పుకునేందుకు నమ్మకస్తులైన ఒకరినైనా ఎంచుకోండి.

స్వభావం వేరు, వ్యాధి వేరు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా దుఆతో పాటు వైద్యం కూడా తీసుకోవాలి. ‘ఎర్రగడ్డ’ అనే పేరును మన నగరం వెక్కిరింతగా మార్చింది. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండానే అక్కడ దిగవచ్చు. 2018 మే నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి పౌరుడికీ మత వివక్ష లేని చికిత్సను హక్కుగా ఇచ్చింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలని, సంరక్షణ, చికిత్స అందించడం ప్రభుత్వ విధి అని కూడా చెప్పింది. ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరుకు తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఈ నంబరును ప్రతి మసీదు నోటీసు బోర్డు మీద రాయించాలి.

మసీదు కమిటీల ముందు, కుటుంబ పెద్దల ముందు మేము ఉంచుతున్న కోరికలు పెద్దవేమీ కావు. నెలకొక జుమా ప్రసంగాన్ని మనోబాధలకు కేటాయించండి. తగవులు తీర్చేటప్పుడు కోడలి కన్నీటిని నటన అని కొట్టిపారేయకండి. చిన్న వయసులోనే ఇల్లు విడిచి మైనారిటీ గురుకులాలకు వెళ్తున్న మన పిల్లలకు ప్రతి చోటా శిక్షణ పొందిన మనో సలహాదారు అందుబాటులో ఉండాలని ప్రభుత్వాన్ని లిఖితపూర్వకంగా అడగండి. ‘మెత్తనివాడు’ అనే పేరు పెట్టి పిల్లలను వెక్కిరించకండి. చెడ్డపేర్లతో పిలవడాన్ని కూడా అదే హుజురాత్ సూరా నిషేధించింది.

‘అల్మాస్’ అంటే వజ్రం. వజ్రం వంటి మనుషులే కావాలని మనం పిల్లలను సానపడుతూ ఉంటాం. పొరుగువాడి ఆకలి, అపరిచితుడి అవమానం ముందుగా తాకేది మెత్తని మనసునే. బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యా బిడ్డ కోసం దుప్పటి పట్టుకొని ముందుగా బయలుదేరేదీ అలాంటి మనసే. అటువంటివారిని కాపాడుకోవడం సముదాయం తనను తాను కాపాడుకోవడమే.