పిల్లుల ఆపరేషన్లకూ పద్దు పెట్టండి

పిల్లి ఈనితే పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మన ఊళ్లలో చాలా కూనలకు ఆ భాగ్యమూ దక్కదు. కళ్లయినా తెరవకముందే గోనెసంచిలో కట్టి, మార్కెట్ యార్డు గోడ పక్కనో చెరువు కట్ట మీదో వదిలేసి వస్తాం. తల్లి రెండు మూడు రోజులు అరుచుకుంటూ ఇల్లిల్లూ వెతుకుతుంది. ఇది పచ్చి క్రూరత్వం. పైగా వృథా. ఆడపిల్లి ఐదు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనుతుంది. కూనలు దూరమైన తల్లి త్వరలోనే మళ్లీ ఎదకొస్తుంది. సంచులతో తగ్గే సంఖ్య కాదిది.

తగ్గించేది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒక్కటే. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు వీధి జంతువుల ఆపరేషన్లు, టీకాల బాధ్యతను స్థానిక సంస్థల మీదే పెట్టాయి. ఆ బాధ్యత కుక్కలతో ఆగిపోకూడదు. ముంబై నగరపాలక సంస్థ 2019లోనే పిల్లులకూ ఆపరేషన్లు మొదలుపెట్టింది.

అంత పెద్ద నగరంతో మనకు పోలికేమిటని అడగవచ్చు. కానీ చాలా జిల్లాలకు లేని వసతి మన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతానికి ఉంది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల కోరుట్లలోనే ఉంది. అక్కడి విద్యార్థులు ఎలాగూ శస్త్రచికిత్స నేర్చుకోవాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పురపాలక సంఘాలు ఆ కళాశాలతో ఒప్పందం చేసుకోవాలి. బోన్లు, మందులు, వాహనం ఖర్చు పురపాలికలు భరించాలి. సిరిసిల్ల దూరం కాబట్టి అక్కడి పశువైద్యశాలలో నెలకోసారి శిబిరం పెట్టాలి. ఆపరేషన్ అయిన పిల్లికి మత్తులో ఉండగానే చెవి కొన కాస్త కత్తిరించి, రేబిస్ టీకా వేసి, పట్టిన వాడలోనే వదలాలి. చెవి చూస్తే చాలు, దాన్ని మళ్లీ పట్టనక్కర్లేదని తెలిసిపోతుంది.

మనుషులకే దిక్కులేదు, పిల్లులకా అనేవాళ్లు సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలో ఒకసారి అడగాలి. ఎలుక కొరికిన నూలు ఎవరి కూలిలో కోత పెడుతుందో వాళ్లే చెబుతారు. జగిత్యాల రైసుమిల్లుల్లోనూ అదే బాధ. ఆ ఎలుకల్ని పట్టేది పిల్లే. ఎలుకల మందు పెడితే, ఆ మందు తిన్న ఎలుకను పట్టిన పిల్లీ చావవచ్చు. మందుకన్నా ఎలుకల బోను పెట్టడం మేలు.

జనం చేయాల్సిందీ ఉంది. అన్నం పెట్టేవాళ్లు వేళకు, ఒకే చోట పెట్టి, మిగిలింది తీసేయాలి. అప్పుడు ఇరుగుపొరుగుతో పేచీ ఉండదు, పిల్లిని పట్టడమూ తేలిక. పాలకన్నా నీళ్ల గిన్నె మేలు, చాలా పెద్ద పిల్లులకు పాలు అరగవు. జ్వరమని పారాసిటమాల్ మాత్రం వేయొద్దు, సగం గోలీ కూడా పిల్లి ప్రాణం తీయగలదు. పిల్లి గీరినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి సర్కారు దవాఖానాకు వెళ్లాలి. విషం పెట్టి చంపేవాళ్ల మీద పోలీసులు కేసు రాయాలి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

మూడు పురపాలికలూ వచ్చే బడ్జెట్‌లో ఈ పద్దు చేర్చాలి, కళాశాలకు లేఖ ఈ నెలలోనే వెళ్లాలి. వానలు పడేలోగా మొదటి విడత పూర్తి కావాలి.